కోం నాగలమడిక

“నేను మెడలో ఏసుకోనవ్వా. నువ్వేమన్నా అనుకో, ఏసుకోను.”

“ఏసుకోకపోతే రేపు గేటు బయట నిలబడి మేము గడ్డి కోసేది చూస్తా ఉండు.”

“చూస్తా ఉంటాలే. ఆ మనిషి పేరు మాత్రం నా ఎదమీద ఊగేదానికి లేదు.”

“అదేమన్నా తాళిబొట్టా మే? అట్టముక్క. గేటు తీసేదానికి ఇచ్చినారు.”

“తాళిబొట్టే తీసి గూట్లో పెట్టినాను. ఒక దారం తీసింది ఇంకో దారం ఏసుకునేదానికా?”

“కూడు పెట్టే దారం ఏదైనా ఏసుకోవల్ల. రోషం ఉడకబెట్టుకుని తింటావా?”

“తింటా. నీకూ ఒక ముద్ద పెడతాలే, రా.”

ఇందులో దెప్పుతున్నది నేను. ఎదురు చెబుతున్నది నా గుంపులో గడ్డి కోసే ఒక పడుచు, నాగలమడిక ఊరి మనిషి. మా ఇద్దరి మధ్యా ఆమె చేతిలో నీలం దారం కట్టిన కార్డు ఒకటి ఊగుతోంది. మిగతా ఆడవాళ్ళు కొడవళ్ళు సంచుల్లో సర్దుకుంటూ, టెంపో ఎక్కకుండా, వినీ విననట్టు నిలబడ్డారు.

ఆమె పేరు ఇక్కడ రాయను. ఒక పేరు పక్కన ఏ పేరుండాలి అన్నదాని మీద ఆమె ఆ రోజు పడిన అవస్థ చూసినదాన్ని. ఇప్పుడు నా ఇష్టానికి ఆ పేరును కాగితం మీద పెట్టడం నాకు తగదు. ఆమెది రాయనప్పుడు మిగతావాళ్ళవి ఎందుకని అవీ రాయడం లేదు.

కొత్తగా పనులకు పోతున్న మీవంటి పిల్లలు, ముఖ్యంగా మెడలో కార్డు వేసుకుని పోయేవాళ్ళు, ఇది చదువుకోవాలని రాస్తున్నాను. నేను చదివింది మూడో తరగతి. పుట్టిల్లు గట్టు అవతల ఆంధ్రా వైపు కాబట్టి నేర్చిన అక్షరాలు తెలుగువి. మెట్టినిల్లు కర్ణాటక వైపు తిరుమణి కాబట్టి చూసే బోర్డులన్నీ కన్నడంవి. రెండు లిపులూ అక్కాచెల్లెళ్ళ మాదిరి ఉంటాయి కనుక ఒకదానితోనే రెండోదాన్నీ గడుపుకొచ్చాను. ఉన్నదానితో సరిపెట్టుకోవడం నాకు మొదటినుంచీ అలవాటు.

సోలార్ పార్కు వచ్చాక మా చేన్లు గుత్తకు పోయాయి. చెనక్కాయలు పీకిన చోటనే సోలార్ ప్లేట్లు లేచాయి. వాటి కింద గడ్డి కోయడానికీ, పైన దుమ్ము కడగడానికీ ఆడవాళ్ళను గుంపులుగా పెట్టుకున్నారు. అందులో ఒక గుంపుకు నేను మేస్త్రీని. గడ్డి పెరిగి ప్లేటు మీద నీడ పడితే కరెంటు తగ్గుతుందట. గడ్డి తలెత్తకుండా చూడటమే మా పని. చెప్పడానికి సులువు. ప్లేట్ల కింద తీగలు వేలాడుతుంటాయి. గడ్డిని పిడికిట పట్టి, తీగను మోచేత్తో పక్కకు ఒత్తి, మొదలంటా కోయాలి. కొడవలి తీగకు తగలకూడదు. ఈ పనిలో ఆ నాగలమడిక పడుచును మించిన చెయ్యి నా గుంపులో లేదు. ఆమె కోసుకుంటూ పోతుంటే కొడవలి చప్పుడు కూడా వినిపించేది కాదు. గడ్డి తనంతట తాను పడుకున్నట్టుండేది.

మీలో చాలామంది ఆ పార్కును పైనుంచి తీసిన ఫోటోల్లో చూసి ఉంటారు. లోపల నడిస్తే వేరు. వరుస తర్వాత వరుస, కన్ను ఆగే చోటు దాకా నల్లటి నీళ్ళు నిలబడినట్టుంటుంది. వాన ముఖం చూడని మా నేలకు ఎక్కడలేని చెరువు వచ్చినట్టు. కడిగే రోజుల్లో మేము గుడ్డ పట్టుకుని తుడుస్తుంటే గుడ్డ కింద మబ్బులు కదిలేవి. ఒక మబ్బును తుడిచి పక్కకు జరిగితే అది మళ్ళీ వచ్చి కూర్చునేది. ఒక్కోసారి తెల్లకొంగలు నీళ్ళనుకుని దిగేవి. దిగి, కాలు జారి, కాసేపు తమ నీడను తామే చూసుకుంటూ నిలబడి, ఏం పొరపాటైందా అన్నట్టు మెల్లగా లేచిపోయేవి. సాయంత్రానికి ప్లేట్లన్నీ ఎవరూ తోయకుండానే పడమటికి ఒరిగేవి. ఎన్నేళ్ళు చూసినా ఆ ఒరగడం నేను చూడలేదు. ఒరిగిన తర్వాతే చూసేదాన్ని. ఇప్పటికీ మధ్యాహ్నం కునుకు పడితే ఆ వరుసల మధ్యనే నడుస్తుంటాను. కాళ్ళ కింద మా చెనక్కాయ చేను మెత్తగా తగులుతుంటుంది.

సరే, ఈ కోం సంగతి చెప్పాలి.

మా తాలూకాలో ఆడమనిషి పేరు సర్కారు కాగితంలో ఒంటరిగా ఉండదు. పేరు, దాని పక్కన కోం, దాని పక్కన మొగుడి పేరు. కోం అంటే ఫలానావాడి భార్య అని. మగవాళ్ళకైతే బిన్ అని వేసి తండ్రి పేరు రాస్తారు. రేషన్ అంగడి కాడ మూడూ కలిపి ఒకే ఊపిరిలో పిలుస్తారు. నేను కాపరానికి వచ్చిన కొత్తలో అదంతా కలిపి నా పేరే అనుకున్నాను. ఎవరో పేరు అడిగితే మొత్తం అప్పజెప్పాను. పక్కన మా ఆయన నవ్వి నవ్వి, “అందులో సగం నాది, తిరిగిచ్చేయ్” అన్నాడు.

ఈ పడుచు మొగుడు బెంగళూరుకు కట్టడం పనికి పోయాడు. మొదట పండగలకు వచ్చేవాడు. తర్వాత పండగలకు ఫోన్ చేసేవాడు. తర్వాత ఫోన్ కూడా లేదు. అక్కడ ఇంకో ఇల్లు పెట్టుకున్నాడని, బిడ్డ కూడా పుట్టిందని, వాడితో పనిచేసి వచ్చినవాళ్ళే చెప్పారు. పంచాయితీ లేదు, కోర్టు లేదు, గొడవ కూడా లేదు. ఒక మాపటేళ ఆమె తాళిబొట్టు తీసి వాళ్ళమ్మ ఇంటి గూట్లో పెట్టింది. అంతే. కాగితాల్లో మాత్రం కోం ఉంది, కోం పక్కన వాడున్నాడు. చూపు సరిగా లేని తల్లిని ఆమే సాకుతోంది. చుట్టుపక్కల చేన్లన్నీ ప్లేట్ల కిందికి పోయాక మాకు కూలి అంటే ఈ గేటు లోపలి కూలే. ఆ కార్డు లేకపోతే మర్నాటినుంచి గేటు తీయరు. ఆమె చోటుకు కాచుకుని ఇంకొకరుంటారు. అంతకుముందు ముఖం చూసి లోపలికి పంపేవాళ్ళు. కాపలా పని కొత్తవాళ్ళకు ఇచ్చాక ముఖాలు చాలవన్నారు.

ఆమెను నేను ఆఫీసుకు తీసుకుపోయింది జాలితో కాదు. మంచి చెయ్యిని ఊరికే పారేసుకోవడం నాకు గిట్టదు. ఇంట్లో పాత చీపురు పుల్ల కూడా పారేయను నేను.

“పద, ఆ కంప్యూటరు పిల్లనే అడుగుదాం. ఆ పేరు తీసేస్తాదేమో,” అన్నాను.

“ఇంతసేపూ ఏసుకోమని తిడ్తివే?”

“తిట్టేది నా పని. నడువు.”

టెంపో డ్రైవరుతో కాసేపు ఆగమని చెప్పాను. అతను ఆకాశం చూసి, నా ముఖం చూసి, ఇంజను ఆపేశాడు.

మా ఆఫీసంటే ఒక ఇనుప కంటైనరు. దానికి కిటికీ కోసి లోపల బల్ల వేశారు. అక్కడ కూర్చునే పిల్ల తుమకూరు వైపు నుంచి వచ్చింది. ఇంట్లో కన్నడమే అయినా మాతో తెలుగే మాట్లాడాలని దానికి పట్టుదల. నన్ను అవ్వా అనడానికి అజ్జీ అనేది. మేము వెళ్ళేసరికి సంచి సర్దుకుంటోంది. విషయం చెబితే సంచి కింద పెట్టింది.

“ఇది పెద్ద పని కాదు అజ్జీ. ఆ గడి ఖాళీ చేస్తే అయిపోయింది,” అంది.

కంప్యూటరు తెర మీద గడులు గడులుగా ఉన్నాయి, ప్లేట్ల వరుసల మాదిరే. మొదటి గడిలో పేరు. పక్క గడిలో మొగుడి పేరు. ఆ పక్కది ఊరు. నాలుగో గడిలో ఆ పిల్ల పేర్లేవీ కొట్టదట. ఒక మంత్రం మాదిరి మాట రాస్తే ముందున్న మూడు గడులనూ ఆ మాటే అతికిస్తుందట. కార్డు మీద పడేది ఆ అతికిన వరుస. ఆ మాట ఏమిటని అడిగాను.

“కాంకాటినేట్.”

“కనికట్టా?”

పిల్లకు ఆ మాట తెలియదు. నాగలమడిక పడుచు అంత కోపంలోనూ పక్కకు తిరిగి నవ్వింది. మా వైపు తిరునాళ్ళలో ఉత్త చేతిలోంచి కోడిగుడ్డు తీసేవాళ్ళు చేసేది కనికట్టు. నేను తప్పు విన్నాను గాని, ఆ తర్వాత చూసింది దానికి సరిపోయింది. పిల్ల ఆ గడి కింది మూల పట్టుకుని కిందికి లాగింది. నా గుంపులో ఆడవాళ్ళందరూ మొగుళ్ళతో సహా వరుసగా దిగివచ్చారు. తాగే మొగుళ్ళు, గొర్లు కాచే మొగుళ్ళు, చచ్చిపోయిన మొగుళ్ళు. అందరూ ఒకే కొలతలో, ఒకే నల్లటి అక్షరాల్లో, పెండ్లాల పక్కన బుద్ధిగా నిలబడ్డారు. మా ఆయన కూడా దిగాడు. ఆయన పోయి ఎన్నో ఏళ్ళు. బడిలో నేను నేర్చుకున్నదీ అతికించడమే, అక్షరానికి గుణింతం, గుణింతానికి ఒత్తు. కానీ పోయిన మనిషిని తెచ్చి అతికించడం అప్పుడే చూశాను. కిటికీలోంచి ఎండ ఏటవాలుగా తెర మీద పడుతోంది. ఆ వెలుతురులో ఆయన పేరు ఒకసారి కనిపించి, ఒకసారి కనిపించకుండా పోతోంది. కాసేపు నేను ఎందుకు వచ్చానో మరిచిపోయాను.

“అవ్వా, కన్ను తెరిచే నిద్రపోతాండావా?” అంది పడుచు.

పిల్ల ఆమె వరుసలో మొగుడి గడిని ఖాళీ చేసింది. నిమిషంలో ప్రింటు తీసే మిషను గొణిగి కాగితం బయటికి తోసింది. పక్కన నీళ్ళ క్యాను దగ్గర నీళ్ళు తాగుతున్న గేటు కాపలా అతను, మిషనుకు దగ్గరగా ఉన్నాడు కాబట్టి, కాగితం తీసి ఇవ్వబోతూ పైకి చదివాడు. ఆమె పేరు చదివాడు. తర్వాత, “కోం నాగలమడిక” అన్నాడు.

చదివినాయన అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది.

“ఓహో. ఇప్పుడు ఊరికంతా పెండ్లామైనట్టు,” అన్నాడు.

పిల్లలూ, జరిగింది మీకు అర్థమై ఉంటుంది. మొగుడి గడి ఖాళీ అయింది గాని, కోం అనే మాట ఏ గడిలోనూ లేదు. అది ఆ మంత్రంలోనే, చిన్న చిన్న గుర్తుల మధ్య, అందరికీ కలిపి ఒక్కసారే రాసిపెట్టి ఉంది. మనిషి ఉన్నా లేకపోయినా అది వచ్చి పడుతుంది. పక్కన మొగుడు లేకపోయేసరికి తర్వాత దొరికిన ఊరిని పట్టుకుంది. ఆ అతికించేదానికి ఊరికీ మొగుడికీ తేడా తెలియదు. ఆడమనిషిని ఊరికి పెండ్లాం అనడం మా వైపు ఎంత మాటో మీకు చెప్పనవసరం లేదు. మొగుడు వదిలేసిన ఆడదానికి ఆ మాట ఎప్పుడూ గడప బయటే నిలబడి ఉంటుంది. అది అచ్చులో, ఫోటో కింద, రావడం ఆమె చూసింది.

ఆమె ఏడవలేదు. కాగితం అతని చేతిలోంచి తీసుకుంది.

“చదవడం వచ్చునని బాగానే చదివినావు అన్నా,” అంది. “ఇంటికి పోయి మా వదినకు కూడా చెప్పు, ఈ పొద్దు ఏం చదివినావో.”

అతని ముఖం మాడిపోయింది. “తమాషాకన్నానమ్మా,” అన్నాడు.

“తమాషా నీ జేబులో పెట్టుకో,” అన్నాను నేను. “గేటు కాడ కుక్క దూరింటాది, చూడుపో.”

అతను పోయాడు. పోతూ గడప తట్టుకున్నాడు. చెడ్డవాడు కాదు. క్యాతగానచెర్లు మనిషి, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. నోరు ముందు నడిచి తల వెనక వచ్చే రకం. అటువంటివాళ్ళు అన్నిచోట్లా ఉంటారు.

కంప్యూటరు పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తప్పు తనదే అనుకుంది. పడుచు కాగితాన్ని మడిచి, ఇంకా మడిచి, వక్కంత చేసింది.

“పాత కార్డే ఇయ్యమ్మా,” అంది చివరికి. “ఊరికంటే వాడే మేలు.”

ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతు ఎంత మామూలుగా ఉందో. కూరలో ఉప్పు చాలు అన్నట్టు అంది. ఏసుకోమని అంతసేపు పోరినదాన్ని నేను. ఇప్పుడు ఏసుకుంటానంటోంది. ఒప్పుకోవాలి కదా. నా చెయ్యి బల్ల మీది ఆ పాత కార్డును తీసి నా సంచిలో వేసుకుంది.

“వద్దు. ఇంకో దారి చూడు పాపా,” అన్నాను పిల్లతో.

పిల్ల దారులు వెతికింది. చేత్తో ఆమె ఒక్కదాని పేరు కొట్టేస్తాను అంది. మళ్ళీ తనే తల అడ్డంగా ఊపింది. కొత్తవాళ్ళు చేరినప్పుడల్లా పైనుంచి కిందికి మళ్ళీ లాగుతారట. లాగినప్పుడల్లా చేత్తో కొట్టింది చెరిగిపోయి, మంత్రం మళ్ళీ దిగుతుందట. అంటే ఏదో ఒక పొద్దున ఎవరూ అనుకోకుండా ఆమె మళ్ళీ కోం నాగలమడిక అవుతుంది. పోనీ కోం మొత్తానికి తీసేస్తే అందరికీ పోతుంది. బయట నిలబడి ఉన్న మా గుంపును అడగమంది పిల్ల. అడిగాను. టెంపో ఎక్కినవాళ్ళు కూడా దిగివచ్చారు.

“మా ఆయన పేరు లేకపోతే ఇంట్లో యుద్ధమే,” అంది ఒకామె. “ఏడ పారేసినావని అడుగుతాడు.”

“నాకు ఉండనీ,” అంది ఇంకొకామె. “ఆ మనిషి పనికి పోడు. పేరన్నా పనికి రానీ.”

అందరూ నవ్వారు. పడుచు కూడా నవ్వింది. కానీ సంగతి తేలిపోయింది. వాళ్ళకు కోం కావాలి. ఈమెకు వద్దు. కనికట్టు ఒకటే.

ఇంతలో సూపర్‌వైజరు వచ్చాడు. బళ్ళారి వైపు మనిషి, గొంతు పెంచకుండా మాట్లాడతాడు. విషయమంతా విని కుర్చీ చివర కూర్చున్నాడు.

“పేరు ఒక్కటే ఉంటే ఎట్లమ్మా?” అన్నాడు. “అడిగేది నా కోసం కాదు. రేపు కరెంటు షాక్ కొట్టిందనుకో. నేను ఎవరికి చెప్పాల?”

అది న్యాయమైన ప్రశ్న. పడుచు అతని వైపు తిరిగింది.

“వానికి చెప్తే వస్తాడా సార్?”

అతను బల్ల మీది పెన్ను తీసుకున్నాడు.

“మా యమ్మకు చెప్పండి. ఫోన్ నంబరు నాది రాసిచ్చినాను కదా, దాని పక్కన మా యమ్మది కూడా రాసుకోండి. ఆమెకు కండ్లు కనపడవు గాని చెవులు బాగా వినపడతాయి.”

సూపర్‌వైజరు నా వైపు చూశాడు. “మేస్త్రీ, నువ్వు చెప్పు. ఈమెను ఎవరని రాసుకోవల్ల నేను?”

“గడ్డి కోసే మనిషి అని రాసుకో సార్,” అన్నాను. “తీగ తెగకుండా కోసే మనిషి. అట్లాంటోళ్ళు ఎక్కువ మంది లేరు.”

పొగడ్త కాదు అది. లెక్క చెప్పినట్టు చెప్పాను. కానీ పడుచు తల వంచుకుంది. అంతకుముందు నేను ఆమెను ఎప్పుడూ ఒక మంచి మాట అనలేదు. అంటే పని మెత్తబడుతుందని నా నమ్మకం. ఇప్పటికీ ఆ నమ్మకం పెద్దగా మారలేదు.

కంప్యూటరు పిల్ల ఇదంతా వింటూనే ఫోనులో ఎవరితోనో కన్నడంలో గుసగుసలాడుతోంది. తనతో కలిసి కంప్యూటరు నేర్చుకున్న స్నేహితురాలట. ఆఁ, ఆఁ అంటూ గడిలో ఏదో కొట్టింది, చెరిపింది, మళ్ళీ కొట్టింది. ఫోను పెట్టేసి మా వైపు తిరిగింది.

“ఇంకొకటి ఉంది అజ్జీ. అతికించేదే, కానీ వేరే రకం. ఈ పాఠం చెప్పిన రోజు నేను క్లాసుకు పోలేదు.”

“ఏం చేస్తాది అది?”

“ముడి ఏమిటో ముందే చెప్పాలి. మన ముడి కోం. ఖాళీ గడి వస్తే దాటేయమని కూడా చెప్పొచ్చు. అటూ ఇటూ పేరుంటేనే ముడి పడుతుంది. ఒక పక్క ఖాళీగా ఉంటే ముడే వేయదు.”

నేను దాన్ని రెండోసారి చెప్పమన్నాను. అర్థం కాక కాదు. వినడానికి బాగుండి. రెండు కొసలుంటేనే ముడి వేసే యంత్రం. మా పెద్దవాళ్ళకు ఆ మాత్రం తోచక ఎన్ని ముడులు వేశారో. ఒక కొస ఊడిపోయినా ముడి మాత్రం విప్పకుండా ఎంతమందిని ఆ ముడితోనే నడిపించారో.

పిల్ల ఊరిని ఆ వరుసలోంచి తీసి కింద వరుసకు దించింది. ఇక పేరూ ఊరూ ఎప్పటికీ పక్కపక్కన పడవు. తర్వాత గడి మూల పట్టుకుని కిందికి లాగింది. మళ్ళీ అందరూ దిగారు, కోం, మొగుళ్ళు, అన్నీ యథాప్రకారం. ఒక్క వరుసలో మాత్రం పేరు ఒక్కటే ఉంది. దాని తర్వాత తెల్లగా ఖాళీ. చుట్టూ నిండిన వరుసల మధ్య ఆ తెలుపు, ప్లేట్ల వరుసల మధ్య మేము నడిచే దారి మాదిరి కనిపించింది. అక్కడ నిలబడితే గాలి తగులుతుందనిపించింది.

కార్డు వచ్చింది. వేడిగా ఉంది. పడుచు దాన్ని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసింది. సంతోషపడుతుందనుకున్నాను.

“చిన్నగా ఉండాదవ్వా,” అంది. “ఒక్కటే ఉంటే బిత్తరపోయినట్టుండాది.”

“అలవాటైతాదిలే.”

“ఎవరికి? నాకా, పేరుకా?”

“ఇద్దరికీ,” అన్నాను.

సూపర్‌వైజరు కార్డు తీసుకుని చూశాడు. తిరిగి ఇచ్చేశాడు. “నేను అడ్డం చెప్పను. కానీ గేటు నా చేతిలో లేదమ్మా. కాపలావాళ్ళ లెక్క వాళ్ళది. కార్డులో పేరు పూర్తిగా లేదని రేపు వాళ్ళు తిప్పి పంపితే నేను ఏమీ చేయలేను,” అన్నాడు. అతనిది తప్పించుకునే మాట కాదు, నిజమే చెప్పాడు. గేటు కాడ ఉండేది ఎవరో మా అందరికీ తెలుసు. ఆ కాగితం పైకి చదివినతనే.

చెడిపోయిన కాగితాలను పిల్ల చెత్తబుట్టలో వేయబోతే తీసుకున్నాను. ఒకవైపు తెల్లగానే ఉన్నాయి. వక్కాకు చుట్టుకోవడానికి పనికొస్తాయి. పడుచు మడిచిన ఆ ఒక్కదాన్ని మాత్రం అడగలేదు. అది ఆమె పిడికిట్లోనే ఉంది.

టెంపో కదిలింది. పొద్దు గుంకుతోంది. ప్లేట్లు చివరి ఎర్రటి వెలుతురు తాగి ఒక్కొక్క వరుసే నల్లబడుతున్నాయి. దూరంగా ఎవరి గొర్లో కంచె బయట మేస్తున్నాయి, వాటి నీడలు వాటికంటే ముందు ఇంటికి పోతున్నాయి. పడుచు కార్డును మెడలో వేసుకోలేదు, ఒళ్ళో పెట్టుకుంది. టెంపో ఊగినప్పుడల్లా చెయ్యి దాని మీద పెట్టేది. పక్కన కూర్చున్న ఒక ముసలామె, మొగుడు పోయి చాలా కాలమైనదే, ఆ కార్డును ఒంగి చూసి, “రేపు నేనూ ఆ పాపను అడుగుతా,” అంది. ఎందుకని అడిగితే, “పాపం, ఆయప్ప అంతదూరం నుంచి దినామూ రావల్ల కదా, నిదరపోనీ,” అంది. ఎవరూ నవ్వలేదు. ఆమె కూడా నవ్వడానికి అనలేదు.

నేను మా ఆయన గురించి ఆలోచించాను. ఆయన రావడం నాకు బాగానే ఉంది. రానీ అనుకున్నాను.

పిల్లలూ, ఇప్పుడు ఆ ప్లేట్లు కడగడానికి బ్రష్షుల మిషన్లు వచ్చాయట. మేస్త్రీలు అంతమంది అక్కర్లేదట. నేను మానేసి చాలా కాలమైంది. ఆ రోజు నేర్చుకున్నది మీకేమైనా పనికొస్తుందేమో నాకు తెలియదు. మీరు ఏ ఆఫీసులో అయినా పేర్లు అతికించే పనిలో ఉంటే, ఖాళీ గడిని ఒకసారి చూడండి. అక్కడ ఒక మనిషి లేడని మాత్రమే అనుకోవద్దు. పక్క గడిలో ఒక మనిషి ఉంది.

మర్నాడు పొద్దున టెంపో గేటు కాడ దిగింది. మంచు పడి కంచె తడిగా ఉంది. అందరం వరుసలో నిలబడ్డాము. కాపలా అతను ఒక్కొక్కరి కార్డు చదివి పుస్తకంలో ఎక్కించుకుంటున్నాడు. పడుచు నా ముందు ఉంది. కార్డు మెడలోనే ఉంది. వంతు వచ్చినప్పుడు దారం తీయకుండానే ముందుకు చాపింది. అతను ఒంగి చదివాడు. పేరు తర్వాతి ఖాళీ మీద బొటనవేలు పెట్టాడు. కార్డు తిప్పి వెనక చూశాడు. వెనక ఏమీ లేదు.

“ఇంతేనా?” అన్నాడు.

“ఇంతే,” అంది.

పుస్తకంలో రాసుకున్నాడు. గేటు తీశాడు. ఆమె లోపలికి పోయింది. తర్వాత అతను నా వైపు చెయ్యి చాపాడు. నా కార్డు చూపించాను.